లింకు మీద నవ్వే మనిషి

సూర్యాపేటలో పెళ్లిపత్రికలు అచ్చువేస్తూ పక్కపనిగా వెబ్‌పేజీలు చేసిపెట్టే నేను, మెటా ట్యాగులు ఎవరికీ కనబడవని చాలాకాలం నమ్మాను. పేజీ తలభాగంలో రాసే నాలుగు వరసలవి. పేజీ తెరిచినవాళ్లకు కనబడవు, నిజమే. కానీ ఆ లింకును వాట్సాప్‌లో పంపితే, దాని మీద వచ్చే చిన్న డబ్బాలో బొమ్మ, పేరు, వివరం అక్కడి నుంచే వస్తాయి. ఇన్ని పేజీలకు తలలు పెట్టినవాణ్ణి, నా తలను మాత్రం వాడలేదు.

మాడుగులపల్లి వైపు తండాలో ఒకామె అద్దాల కుట్టుతో సంచులు చేస్తుంది. అప్పటిదాకా కోదాడలో ఒక దుకాణదారుకే వేసేది. ఇకమీదట కొనేవాళ్లతో తానే మాట్లాడుకోవాలని నా దగ్గర పేజీ చేయించుకుంది. ఇంతలో కోదాడ ఆయన ఫోన్ చేశాడు. ఆయన దుకాణం సైటు చూసేదీ నేనే.

"ఏమండీ, ఆ అమ్మాయి పేజీ మీరే చేస్తున్నారంటగా. మా షాపు పేరు, నా ఫోటో, నంబరు వెనకాల ఎక్కడో పడేయండి. సెర్చ్‌లో మాకు ఉపయోగపడుద్ది. పేజీలో కనబడకపోతే చాలు."

పాత గిరాకీ, కాదనలేకపోయాను. మెటా అయితే నేర్చుకున్నాను గానీ మెతకతనం వదల్లేదు. ఆ లింకును ఒకసారి నాకు నేనే పంపి చూసుకుంటే సరిపోయేది. చూసుకోలేదు.

దసరాకు ముందు ఒక పొద్దున ఆమె మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా నా షాపుకొచ్చి, ఫోను నా ముక్కు ముందు పెట్టింది.

"అన్నా, జర గిది సూడు. నా లింకు మీద గా సేటు మొఖమెందుకొస్తున్నది?"

డబ్బాలో కోదాడ ఆయన నవ్వుతున్నాడు. కింద ఆయన షాపు పేరు, నంబరు.

"కొన్ని ఫోన్లల్ల గట్లనే వస్తది చెల్లె," అన్నాను. పచ్చి అబద్ధం.

"కొన్నిట్ల కాదన్నా. మా తండల ఉన్న ఫోన్లన్ని సూసినం. అన్నిట్ల గాయనే నవ్వుతుండు."

హైదరాబాదులో ఒక షాపువాళ్లకు ఆ లింకు పంపిందట. వాళ్లు పేజీ తెరవనే లేదు. డబ్బాలో కనబడిన నంబరుకు ఫోన్ చేసి, రెండువందల సంచులు చెప్పారు. ఆయన ఆ బేరం ఒప్పుకుని, వెంటనే ఈమెకే ఫోన్ చేసి కుట్టిపెట్టమన్నాడు.

"నా సంచులు ఎట్ల కుట్టాల్నో నాకే చెప్తుండన్నా," అంది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ముందే ఆయనకు ఫోన్ కలిపాను.

"ఆమె బేరం మీరెట్లా తీసుకుంటారండీ?"

"నాకు ఫోనొచ్చింది, మాట్లాడాను. అయినా పెట్టింది మీరేగా మాస్టారూ!" అని నవ్వాడు.

ఆ మాట నిజం కావడమే నన్ను ఎక్కువ మండించింది. చెడామడా తిట్టాలని నోరు తెరిచాను. బయటికొచ్చింది "ఉంటానండీ" అన్న మాట. తిట్టడానికి కూడా అక్కరకురాని నోరు నాది.

ఆమెకు ఉన్న సంగతి చెప్పాను.

"నువ్వే పెట్టినవా?" ఫోను నా బల్ల మీద పెట్టింది. "మరి తియ్యి."

తీశాను. ఆమె ఎర్ర సంచి బొమ్మ, ఆమె పేరు, నంబరు పెట్టి, ఈసారి నా ఫోనుకు పంపి చూశాను. ఆమె నా ఎదుటే హైదరాబాదుకు ఫోన్ చేసింది. "మేడం, కుట్టేది నేను. గాయనకు సూది పట్టనీకె గూడ రాదు." ఈసారికి ఆయనకు మాటిచ్చేశాం, వచ్చేసారి చూద్దామన్నారు వాళ్లు. ఆమె ఫోను సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచింది. ఆ రోజంతా ఏ పెళ్లిపత్రిక చూసినా వరుడి ఫోటోలో కోదాడ ఆయనే కనబడ్డాడు.

మర్నాడు ఆయనే, ఏమీ జరగనట్టు, దసరా స్టాకు పేజీ తయారు చేయమన్నాడు. చేశాను. ముందు ఆమెకు ఫోన్ చేసి అడిగి, ఆ పేజీ తలలో ఎర్ర సంచి బొమ్మ, ఆమె నంబరు పెట్టి, "ఈ సంచులు కుట్టేది ఈమె. కావలసినవాళ్లు నేరుగా ఈమెతోనే మాట్లాడండి" అని రాశాను. పంపేముందు చూసుకోని బుద్ధి నా ఒక్కడి సొత్తు కాదని అప్పుడే తెలిసింది. వ్యాపారుల గ్రూపులన్నిటికీ ఆయన తన చేత్తోనే పంపాడు.

మధ్యాహ్నం ఫోన్. "ఏం చేశారండీ! ముందది తీసేయండి!"

"అట్లనే," అని నిమిషంలో తీసేశాను. ఇక మీదట పంపే లింకులకు ఆయన ముఖమే వస్తుంది. అప్పటికే జనం ఒకరికొకరు పంపుకున్నవి మాత్రం ఏం చేసినా మారవు. ఆ సంగతి ఆయనకు సాయంత్రం, తీరిగ్గా చెప్పాను.