సిస్టరమ్మ బేరిపండ్లు

సిస్టరమ్మ పోయారు. మొన్న మంగళవారం పొద్దున బోరబండ నుంచి వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ పోయిందక్కా. నిద్రల్నే పోయింది, పరేషాన్ కాలే" అన్నాడు. ఆ కబురు మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు, పూల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మా అమ్మలాంటి మనిషి అని ఒకరు, అలాంటివాళ్లు ఇక పుట్టరని ఇంకొకరు. చదువుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

సాయంత్రం సెక్రటరీ గారు తలుపు తట్టారు. కొత్తగూడలో ఈ అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచీ ఆయనే సెక్రటరీ. ఏటా మనం అచ్చువేసుకునే సంచికలో సిస్టరమ్మ గురించి ఒక పేజీ రాయమన్నారు. "మీకు బాగా చనువు కదండీ. నాలుగు మంచి మాటలు రాయండి. పాత సంగతులు ఇప్పుడెందుకు, వద్దండి" అన్నారు. సరే, మంచి మాటలే రాస్తున్నాను. పాత సంగతులు వదిలేసి ఆవిడ గురించి మంచి మాట ఎలా రాయాలో మాత్రం నాకు చేతకావడం లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. సిస్టరమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొడుకుతో కలిసి కింది ఫ్లాటులో అద్దెకుండేవారు. రిటైరయ్యాక తెల్లచీర ముట్టలేదు, చర్చికి కూడా రంగుచీరే. "ఇన్నేండ్లు తెల్లబట్టలే కట్టిన, ఇగ చాలు" అనేవారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఇంజెక్షన్ చేయాలన్నా ఆవిడే. వస్తూనే రోగి చెయ్యి పట్టుకునేవారు కాదు, ముందు వంటింట్లోకి వెళ్లి ఏం వండారో చూసేవారు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఒక వానాకాలం మా నాన్నకు గొంతు ఆపరేషన్ అయింది. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. కాకినాడ నుంచి ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. జావ పోస్తే కక్కేసేవారు. పెరుగన్నం మింగలేక కళ్లనీళ్లు పెట్టుకునేవారు. పది రోజులకు చొక్కా భుజాల మీద నిలవడం మానేసింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలని డాక్టరు అన్నారు. నాన్న వద్దని చెయ్యి ఊపి గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడు సిస్టరమ్మ బేరిపండ్లు ఉడికించి తెచ్చారు. వానాకాలంలో తోపుడు బండ్ల మీద వస్తాయే, కొరికితే ఇసుకలా నలిగే గట్టి కాయలు, అవే. వాటిని ఉప్పూకారం అద్దుకు తినడమే తప్ప వండుతారని నేను వినను కూడా వినలేదు. వాళ్ల ఆసుపత్రిలో వెనకటి దొరసాని నర్సు నేర్పిందట. ఆపరేషన్ అయినవాళ్లకు అక్కడ మొదటి తిండి అదేనట. తొక్కలూ గింజలుండే నడిమి భాగమూ పారేయరు, ముందు వాటిని మరిగించి వడగడతారు. ఆ నీళ్లలోనే పండు ముక్కలు, ఒక లవంగం, చిన్న దాల్చినచెక్క, రెండు చెంచాల చక్కెర. సన్నటి మంట మీద గంటకు పైగా. ఇంకొంచెం చక్కెర వేయొచ్చు కదండీ అన్నాను.

"గట్ల వేస్తే చక్కెర తిన్నట్టుంటది బిడ్డా, పండు తిన్నట్టుండదు" అన్నారు.

నాన్న మొదటి చెంచా మింగి, కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ నోరు తెరిచారు. గొట్టం లేకుండానే కోలుకున్నారు. ఆ తర్వాత ఆరేళ్లు కమ్మగా అన్నం తిన్నారు. ఆ ఆరేళ్లూ సిస్టరమ్మ పెట్టినవే.

బంద్ రోజుల్లో పండ్ల బండ్లు వచ్చేవి కావు. సిస్టరమ్మ కొడుకు ఉద్యమంలో తిరిగేవాడు. ర్యాలీ అయ్యాక బోరబండలో తెలిసిన పండ్లాయన ఇంటికి వెళ్లి, బైకు హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని తెచ్చేవాడు. "మీ నాయన కోసమని మావోళ్లకు చెప్పలేదక్కా, చెప్తే నా పండ్లు గుంజుకుంటరు" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఆ అబ్బాయి మీదే మనవాళ్లు కథ అల్లారు. మన అపార్ట్‌మెంట్లో ఎక్కువమందిమి కోస్తా నుంచి వచ్చినవాళ్లం. భయాలుండేవి, కాదనను. కానీ కోస్తావాళ్ల ఫ్లాట్ల నంబర్లు ఆ అబ్బాయి ఉద్యమంవాళ్లకు చెబుతున్నాడని ఎవరో అన్నారు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. వారం తిరక్కుండా కాగితం తయారైంది. భద్రత దృష్ట్యా కింది ఫ్లాటు ఖాళీ చేయించమని ఓనరుకు అసోసియేషన్ విన్నపం. దాన్ని వాచ్‌మన్ చేతికిచ్చి సంతకాలకు పంపారు.

మన తెలివి చూడండి. వాచ్‌మన్‌కు చదువు రాదు. నీళ్ల ట్యాంకరు నోటీసైనా, లిఫ్టు రిపేరు నోటీసైనా అన్ని తలుపులూ తట్టి సంతకం చేయించుకోవడం అతని అలవాటు. దీన్నీ అలాగే తిప్పాడు. అన్ని తలుపులూ అంటే సిస్టరమ్మ తలుపు కూడా.

నా దగ్గరికి వచ్చినప్పుడు నాన్న లోపల బేరిపండు తింటున్నారు. కాగితం మొత్తం చదివాను, చదవలేదని అబద్ధం చెప్పను. అందరితో కలవకపోతే రేపు నాకెవరు దిక్కు అనుకుని సంతకం పెట్టేశాను. కింద సిస్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పేరుపేరునా చదివారట. "అందరు పెట్టిన్రు గద, నేనొక్కదాన్ని ఎందుకు పెట్టొద్దు?" అని తనూ పెట్టారట. వాచ్‌మన్ తర్వాత ఏడుస్తూ చెప్పాడు. "ఆవిడకే అభ్యంతరం లేదండి, సంతకం ఉంది చూడండి" అని సెక్రటరీ గారు అందరికీ చూపించారు. అయ్యా, అది ఒప్పుకోలు కాదు, మన అందరి చెంపల మీద కొట్టిన దెబ్బ. దాన్ని కూడా మనం దస్తావేజు చేసుకున్నాం.

ఇప్పుడు పూలు పంపినవాళ్లను ఒకటి అడుగుతాను. ఇక్కడ ఖాళీ చేశాక ఆవిడ ఉన్నది బోరబండలో, హైటెక్ సిటీలో రైలెక్కితే తర్వాతి స్టేషనే. ఇన్నేళ్లలో మీలో ఎంతమంది వెళ్లారు?

ఆవిడ ఖాళీ చేసిన రోజు వాన. సామాన్లు ట్రాలీ ఆటోలో ఎక్కించడం బాల్కనీ నుంచి చూశాను. ఏ ముఖం పెట్టుకుని కిందికి దిగను? అంతలో తలుపు చప్పుడైంది. సిస్టరమ్మ, చేతిలో నాలుగు బేరిపండ్లు.

"మా గంజులన్ని మూట గట్టినం. నీ గిన్నె తియ్యి" అన్నారు.

"సిస్టరమ్మ గారూ, ఆ కాగితం మీద నేను..."

"చూసిన. అందరియి చదివిన గని, నీ పేరు కాడ పానం కలుక్కుమన్నది." కోపంతోనే అన్నారు. "మాఫ్ చేసిన్నని అంటలే. గది వేరే. నేను పోయినంక మీ నాయనకు ఎవరు చేస్తరు? జల్ది రా, తొక్క తియ్యి."

తీశాను. సగం పండు తొక్కతోనే పోయింది. ఆవిడ ఆ తొక్కను నీళ్లలో వేసి మరిగించారు, వడగట్టారు, ముక్కలు వేసి మూత పెట్టి పొయ్యి దగ్గరే నిలబడ్డారు. కింద ట్రాలీ డ్రైవరు హారన్ కొట్టాడు. వాన పెద్దదైంది. మళ్లీ కొట్టాడు. "అమ్మా, సామాన్లు తడుస్తున్నయే!" అని కొడుకు అరిచాడు. సిస్టరమ్మ మూత తీసి, చెంచా కాడతో పండును గుచ్చి చూశారు. కాడ దిగలేదు. మంట ఇంకాస్త తగ్గించి, కొంగు నడుముకు దోపుకుని బాల్కనీలోకి వెళ్లారు. వానలోకి చెయ్యి చాచి కేకేశారు.

"ఆగుండ్రి. ఇంక మెత్తబడలే."