కొమ్ము ఊడిన మేకు

మావయ్య ఏ మాటనైనా 'కాదు' అనే మొదలుపెడతాడు. ఒప్పుకునేటప్పుడు కూడా అంతే. "మావయ్యా, ఇవాళ ఆదివారమేనా?" అని అడిగితే "కాదు. అవును, ఆదివారమే" అంటాడు. ఎదుటివాడి మాటను ముందు పడగొట్టి, దుమ్ము దులిపి, తర్వాత బాగానే ఉందనిపిస్తే మళ్ళీ లేపి నిలబెట్టడం ఆయన పద్ధతి. పుట్టగానే పిల్లలందరూ ఏడుస్తారు గదా, వాడు మాత్రం డాక్టరు మొహంలోకి చూసి 'కాదు' అన్నాడని ఆయన అక్కయ్య ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతుంది. అప్పటికి ఆవిడకింకా పాలపళ్ళు ఊడలేదు. అయినా సాక్ష్యం సాక్ష్యమే.

ఇలాంటి మనిషి ఏ ప్లీడరో అయి ఉంటే లోకం ఎలాగో సర్దుకునేది. ఆయన పళ్ళ డాక్టరయ్యాడు. ఆ వృత్తిలో ఉన్న సుఖం ఏమిటంటే, తాను 'కాదు' అన్నాక అవతలివాడు తిరిగి మాట్లాడలేడు. వాడి నోట్లో ఒక అద్దం, ఒక గొట్టం, బోలెడంత దూది, డాక్టరుగారి రెండు వేళ్ళూ ఉంటాయి.

"కుడివైపు నొప్పండీ డాక్టరుగారూ."

"కాదు. ఎడమవైపు. మీరు అద్దంలో చూసుకున్నారు."

"ఆ... ఆఆ..."

"కాదు. మాట్లాడకండి."

అందరూ ఆయన్ని 'కాదు డాక్టరు' అంటారు. క్లినిక్కు బోర్డు మీద వేరే పేరుంది గాని, ఆ పేరు చెప్పి దారి అడిగినవాళ్ళెవరూ ఇంతవరకు అక్కడికి చేరలేదు.

ఇంతటి మావయ్యకీ 'కాదు' అనడానికి నోరు రాని వస్తువు ఈ భూమ్మీద ఒక్కటుంది. అది 'తాళం పోయింది' అనే రాక్ బ్యాండు. నలుగురు గడ్డాలవాళ్ళు. పోయింది ఇంటి తాళమా, పాట తాళమా అని అడిగితే వాళ్ళు చెప్పరు. వాళ్ళ డ్రమ్ములు విన్నవాళ్ళు అడగరు. ఆ బ్యాండుకొక అభిమాన సంఘం, దానికి మావయ్య అధ్యక్షుడు. పాట మధ్యలో డ్రమ్ములు ఒక్క క్షణం ఆగినచోట, పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టినందుకు, సొంత బావగారిని సంఘం నుంచి బహిష్కరించిన చరిత్ర ఆయనది. న్యాయం ముందు చుట్టరికం లేదని ఆ రోజు తీర్మానం రాయించాడు. బావగారు భోజనాల బల్ల దగ్గర ఆయన పక్కనే కూర్చుని దాని మీద సంతకం పెట్టాడు.

ఆ బావగారి కూతురే ఈ కథానాయిక, రేడియో అమ్మాయి. మావయ్య దగ్గర పెరిగిన పిల్ల గనక ఆమెకు ఆ బ్యాండు గురించి సర్వం తెలిసి ఉండాలి. ఏమీ తెలియదు. కారణం వైద్యపరమైనది. చిన్నప్పుడు ఆమె పాలపన్ను పీకుతూ, క్లినిక్కులో ఆ బ్యాండు మొదటి ఆల్బం పెట్టి, మావయ్య పాఠం చెప్పాడు.

"మూడో పాట. ఇదిగో, ఇక్కడ కీచుమంది చూడు. అది గిటారు. తీగ మీద తుప్పుపట్టిన మేకుతో గీశారు. అందుకే ఆల్బం పేరు 'తుప్పు మేకు'. ఏమని చెప్పాను?"

"ఏఉఓ ఈఆఉ," అంది పిల్ల, దూది మధ్యనుంచి.

"కాదు. మేకుతో గీశారు."

పన్ను వచ్చింది, పాఠం పోయింది. అప్పట్నుంచి ఆ బ్యాండు పాట ఎక్కడ వినిపించినా ఆ అమ్మాయి దవడ దానంతటదే బిగుసుకుంటుంది. ఇక వినేదెక్కడ?

పెద్దయ్యాక రేడియో స్టేషనులో చేరి, పొద్దున్నే కుండీల్లో మొక్కల మీద కార్యక్రమం చేస్తూ ఎవరి జోలికీ పోకుండా బతుకుతోంది. ఇలా ఉండగా ఒకరోజు 'తాళం పోయింది' వాళ్ళు నలుగురూ ఇంటర్వ్యూకి వచ్చి స్టూడియోలో కూర్చున్నారు. వాళ్ళతో మాట్లాడాల్సిన సంగీతం సారుకి సరిగ్గా ఆ పొద్దునే గొంతు పోయింది. మేనేజరు పరుగెత్తుకుంటూ మొక్కల గదికి వచ్చాడు.

"అమ్మాయ్, లే! నువ్వే మాట్లాడాలి."

"నాకు పాటల గురించి ఏం తెలుసండీ?"

"నలుగురు మనుషులే కదమ్మా. నీ మొక్కలైతే అసలు మాట్లాడవు, వీళ్ళు కనీసం జవాబు చెబుతారు. ఇవిగో, ఆయన ప్రశ్నలు గిలికి పంపాడు."

గిలకడం అన్నది మేనేజరు ఆ ఏడాది పలికిన మాటల్లోకెల్లా నిజమైనది. సంగీతం సారు అక్షరాలకు కొమ్ములు పెడితే పెడతాడు, లేకపోతే లేదు. పైగా జ్వరం. మావయ్యకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. అవతలనుంచి రాబోయే 'కాదు' ముందే చెవిలో మోగింది. ఫోను కింద పెట్టేసింది.

ఇంటర్వ్యూ మొదలైంది.

"మీరు డ్రమ్ములు ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారండీ?" అంది గాయకుడితో.

"నేను పాడతానమ్మా."

"ఓహో! పాడుతూనే వాయిస్తారా?"

"లేదమ్మా. పాడుతూ పాడతాను."

అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మాయి కాగితంలోకి చూసింది. మేకు అన్న మాటకి కొమ్ము లేదు. మేకలకి సాధారణంగా కొమ్ములుంటాయి. కొమ్ము ఊడిపోవడం వల్ల మేక అయిన వస్తువు సృష్టిలో ఇదొక్కటే.

"మీ మొదటి ఆల్బం 'తుప్పు మేక' గురించి చెప్పండి," అంది. వాళ్ళు నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. అది చూసి కంగారుపడి, మర్యాదకోసం ఇంకో మాట కలిపింది. "పాపం, ఆ మేక ఇప్పుడెలా ఉందండీ?"

బ్యాండు పెట్టిన నాటినుంచీ ఏ ఇంటర్వ్యూలోనూ నోరు విప్పని డ్రమ్ములాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"బాగానే ఉంది."

"కుండీల్లో మొక్కలు తినదు కదా?" అంది అమ్మాయి.

ఇక అభిమానుల సంగతి. మధ్యాహ్నానికి స్టేషను ఫోన్లు వేడెక్కాయి. సంఘం కార్యదర్శి డ్రైవింగు మాస్టారు. శిష్యుణ్ణి కారులో అలాగే రోడ్డు మధ్య వదిలేసి ఫోను చేశాడు. "బ్రేకు వెయ్యాల్సినచోట హారను కొట్టిందండీ మీ అమ్మాయి! ఇలాంటివాళ్ళకి లైసెన్సు ఎవరిచ్చారండీ?" సంఘం కోశాధికారిణి బేకరీ ఆవిడ. ఆ ప్రశ్న విని కొయ్యబారి నిలబడితే ఓవెన్లో రొట్టెలన్నీ బొగ్గయ్యాయని, పరిహారంగా క్షమాపణ కావాలని ఆవిడ కోరింది. సాయంత్రానికి స్టేషను గేటు ముందు ఎవరో ఒక పచ్చగడ్డి మోపు పెట్టి, 'మేకకి' అని చీటీ గుచ్చి పోయారు.

మేనేజరు అమ్మాయిని పిలిచాడు.

"శుక్రవారం ఆ సంఘాన్నే స్టూడియోకి పిలిచాం. ప్రత్యక్ష ప్రసారం. కడుపారా తిట్టనీ. ఆఖర్న వాళ్ళ అధ్యక్షులవారు నువ్వు ఉండొచ్చంటే ఉంటావు. వద్దంటే మాత్రం నేనేం చెయ్యలేనమ్మా. మొక్కలకి కూడా ఇంకొకర్ని చూసుకుంటాం."

"అధ్యక్షులు మా మావయ్యేనండీ."

"అలాగా! మరింకేం భయం?"

"మీరు మా మావయ్యని చూళ్ళేదండీ."

ఆమె క్లినిక్కుకి ఫోను చేసింది.

"మావయ్యా, విన్నావా?"

"కాదు. రెండుసార్లు విన్నాను." వెనక పళ్ళు తొలిచే మర గిర్రున తిరుగుతోంది. "ముందు నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే కాదంటావని."

మర ఆగింది. మావయ్య కాదనైనా అనలేదు. ఆమెకు అంతకంటే భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"నాకీ ఉద్యోగం చేతకాదు మావయ్యా," అంది.

"కాదు," అని ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రంతా అమ్మాయి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. చేతకాదన్న మాటే తప్పన్నాడా? లేక దాని చివరి రెండక్షరాలూ తిరిగి అప్పజెప్పాడా? ఎటు తిప్పినా మాట ఒకేలా ఉంది.

శుక్రవారం స్టూడియో నిండిపోయింది. బావగారు బహిష్కృతుడు గనక గాజు అద్దం అవతల నిలబడ్డాడు. అమ్మాయి లేచి, తప్పు తనదేనని, చదవడంలో కొమ్ము ఒకటి కనబడలేదని చెప్పింది. డ్రైవింగు మాస్టారు ఆగలేదు.

"రోడ్డు మీద లారీ కనబడలేదంటే ఊరుకుంటారా? మేకుకీ మేకకీ తేడా తెలియనివాళ్ళు మైకు ముందు కూర్చోకూడదు! అధ్యక్షా, మీరు చెప్పండి."

మావయ్య లేచాడు. తెల్లకోటు మీదే వచ్చాడు, జేబులో నోటి అద్దం మెరుస్తోంది.

"కాదు," అన్నాడు.

మాస్టారు తృప్తిగా వెనక్కి వాలాడు. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"అమ్మాయి అడిగినదాంట్లో తప్పేం లేదు. మూడో పాటలో కీచుమనేది మేకే."

మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"అధ్యక్షా! అది గిటారండీ! మేకుతో గీశారని ఏళ్ళ తరబడి మాకు చెప్పింది మీరే కదండీ!"

"కాదు. ఇన్నాళ్ళూ నేను పొరపాటు పడ్డాను."

'నేను', 'పొరపాటు' అనే రెండు మాటలు మావయ్య నోట ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. అద్దం అవతల బావగారు గోడ పట్టుకున్నాడు.

"పాట వెయ్యండి," అన్నాడు మావయ్య.

వేశారు. కీచుమంది.

"అయ్యో," అంది బేకరీ ఆవిడ నెమ్మదిగా, "నిజమేనండీ. మేకలాగే ఉంది."

"మీరూరుకోండమ్మా!"

"నేనెందుకూరుకోవాలి? చిన్నప్పుడు మా ఇంట్లో మేకలుండేవి. మీ ఇంట్లో ఏమున్నాయి, కార్లు!"

"అది గిటారు!"

"మేకండీ బాబూ! మళ్ళీ వెయ్యండి!"

మళ్ళీ వేశారు. ఈసారి వెనక వరసలో సగంమందికి మేక వినిపించింది. ఒకసారి వినిపించాక ఇక గిటారు వినిపించదు, అదీ అందులోని దుర్మార్గం. ఫోన్లు మోగాయి. ఎవరో మేకపోతన్నారు.

"కాదు," అన్నాడు మావయ్య నిప్పులో నెయ్యి పోస్తూ, "ఆడమేక."

ఆ మాటతో మేక పక్షం కూడా రెండుగా చీలింది. కుర్చీలు జరిగాయి. సంగీతం సారు లేని గొంతుతో ఏదో అరిచాడు. అక్కడ ఉద్యోగం ఊడబోతున్న ఆడపిల్ల ఒకతె ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఆ గోల మధ్య ఆమెకు ఎక్కడో అడుగున పడిన పాలపన్ను గుర్తొచ్చింది. కుర్చీ, దూది, కీచుమన్న చప్పుడు. ఏఉఓ ఈఆఉ. మావయ్య వైపు చూసింది. ఆయన మాస్టారితో, అది ఏ జాతి మేకో వాదిస్తున్నాడు.

సంఘం మర్నాడే సమావేశమై మావయ్యని అధ్యక్ష పదవి నుంచి ఏకగ్రీవంగా తొలగించింది. మేకపోతు వర్గం కూడా చెయ్యెత్తింది, ఆడమేక అన్న నేరానికి. ఆ ఖాళీలో బావగారిని మళ్ళీ చేర్చుకున్నారు. ఆయన సంతోషం పట్టలేక సమావేశం మధ్యలో చప్పట్లు కొట్టాడు. వారాల తరబడి జనం ఆ పాట కోసం రేడియో పెట్టుకుని కూర్చోవడంతో మేనేజరు అమ్మాయికి మొక్కలు ఉంచి, పైగా వారానికొక పాటల కార్యక్రమం ఇచ్చాడు. నిజం తేల్చమని ఒక పత్రికవాళ్ళు బ్యాండునే అడిగారు. ముగ్గురు గడ్డాల్లో నవ్వుకున్నారు. డ్రమ్ములాయన "బాగానే ఉంది" అన్నాడు.

మావయ్య మాత్రం ఇప్పుడు 'మేక డాక్టరు'. ఒకాయన నిజంగానే మేకను తోలుకుని క్లినిక్కుకి వచ్చాడు.

"కాదు. నేను మనుషుల పళ్ళే చూస్తాను," అన్నాడు మావయ్య. తర్వాత దాని పళ్ళు చూశాడు.

కొన్నాళ్ళకి అమ్మాయికి జ్ఞానదంతం సలిపింది. అదే కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. మూలనుంచి 'తుప్పు మేకు' సన్నగా వినిపిస్తోంది. ఈసారి ప్రశ్నలు తయారుచేసుకునే వచ్చింది.

"మావయ్యా, అది గిటారని నీకు తెలుసు. ఇదే కుర్చీలో నాకు చెప్పావు."

"కాదు. నోరు తెరువు." దూది పెట్టాడు.

"ఆఓఅఏఆ?" అంది.

పళ్ళ డాక్టర్లకి ఈ భాష వచ్చు. నాకోసమేగా, అని.

"కాదు," అన్నాడు మావయ్య, అద్దం తిప్పుతూ. దీపం కాంతిలో ఆయన చెవులు ఎర్రగా కనిపించాయి.

ఇంతలో మూడో పాట వచ్చింది. కీచుమంది. అమ్మాయి ఆయన కళ్ళలోకి చూసి, దూది మధ్యనుంచి స్పష్టంగా అంది.

"ఏఉ."

"కాదు," అన్నాడు మావయ్య. "మేక."