పీనుగుల ఆటలో నేర్చుకున్న లెక్క

ఆ ఆట నా ఫోన్‌లోకి ఎలా వచ్చిందో సరిగ్గా గుర్తు లేదు. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చింది, వేలు తగిలింది, దిగిపోయింది. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుని చదివేంత మాత్రమే వచ్చు. అయితే అందులో బొమ్మలూ అంకెలూ ఉన్నాయి. నాకు అవి చాలు. ఏడో తరగతిలో బడి మానేసినా, అంకె కనిపిస్తే దాన్ని ఇంకో అంకెతో కలిపి చూడకుండా ఉండలేను.

ఒక్కరే ఆడే పేకాట అనుకోండి. ఎదురుగా ఇంకో మనిషి ఉండడు. లోకంలో చాలామంది చచ్చి, మళ్లీ లేచి తిరుగుతుంటారు. వాటిని జాంబీలంటారు. మనకో పాడుబడ్డ ఇల్లు, ఇరవై ముక్కల కట్ట ఇస్తారు. ఒక్కో ముక్క మీద ఒక మనిషో, రొట్టో, కట్టు గుడ్డో, తలుపుకు కొట్టే పలకో ఉంటుంది. రోజుకు ఐదు ముక్కలు చేతికొస్తాయి. వాటితో ఆ పూట గుమ్మం దాకా వచ్చిన జాంబీలను ఆపాలి. అలా నలభై రోజులు నిలబడాలి. మొదట్లో నేను పదకొండో రోజు దాటలేకపోయాను.

మాది గద్వాల దగ్గర, మల్దకల్ వైపు. సొంతం ఎకరం, కౌలు ఎకరం. రెండింటిలోనూ సీడ్ పత్తి, అంటే కంపెనీకి విత్తనం కోసం పెంచే పత్తి వేస్తాం. మామూలు పత్తికీ దీనికీ తేడా ఉంది. ఆడ మొక్కల మీద మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, గోటితో రేకులూ లోపలి పుప్పొడి తొడుగూ ఒలిచి, తొడిమకు దారం కట్టాలి. పొద్దున్నే మగ మొక్కల పూలు తెచ్చి ఆ ఒలిచిన మొగ్గలకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. రెండు నెలలు రోజూ ఇదే పని. ఒలవకుండా వదిలేసిన మొగ్గ పొద్దునకు తెల్లగా విచ్చుకుంటుంది. దానంతటదే కాయ కడితే ఆ గింజ పనికిరాదు. అలాంటివి ఎక్కువ కలిస్తే పరీక్షలో మొత్తం విత్తనం తిప్పి పంపుతారు.

మా చేన్లో ఆ ఏడు ఆరుగురు ఆడవాళ్లు పని చేశారు. నా భార్య, మా ఊరివాళ్లు నలుగురు, పక్క ఊరి నుంచి నడిచొచ్చే ఒక పెద్దమ్మ. అరవై దాటిన మనిషి. ఆదివారం పొద్దున చర్చికి పోయి మధ్యాహ్నానికి వచ్చేది. మిగతా రోజుల్లో అందరికంటే ముందుండేది. ఎడమ కంట్లో పొర వచ్చిందని నాగర్‌కర్నూల్‌లో పెట్టిన కంటి శిబిరంలో చెప్పారట. పంట అయ్యాక ఆపరేషన్ చేయించుకుంటానంది. కన్ను బాగాలేదని అంతకుముందే రెండు గుంపులవాళ్లు ఆమెను వద్దన్నారు. మా చేన్లో పని కూడా పోతే ఇక పత్తిలోకి ఆమెను పిలిచేవాళ్లు లేరు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె నోటితోనే చెప్పింది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను మోటారు గది అరుగు మీద కూర్చుని ఆడేవాణ్ణి.

"మా ఆయనకు బతికినోళ్లతోటి పని లేదు," అనేది నా భార్య, సద్ది విప్పుతూ. "పీనుగులతోటే సంసారం."

"పీనుగులు నయమే అక్కా," అనేది ఇంకొకామె. "కూర ఉప్పయిందని లొల్లి వెట్టయి."

పెద్దమ్మ మాత్రం వచ్చి పక్కన కూర్చునేది. మంచి కన్ను ఫోన్ వైపు తిప్పి చూసేది.

"ఇప్పుడేమయింది కొడుకా? గెలుస్తున్నవా?"

"ఇరవై రెండో దినం. ఇంత దూరం ఎన్నడు రాలె పెద్దమ్మా."

"మొన్న దాక చస్తుంటివి గద. ఇయ్యాల ఎట్ల వచ్చింది?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పాను. నేను సొంతంగా కనుక్కున్న సంగతి అది, కాగితం మీద వేసి చూసుకున్నది. ఇరవై ముక్కల్లో జాంబీలను ఆపగల గట్టివి ఐదే. రోజూ ఐదు ముక్కలు చేతికొస్తే అందులో గట్టిది సగటున ఒకటీ పావు. కొత్త ముక్కలు కలుపుకుంటూ పోతే అది ఇంకా తగ్గుతుంది. కలపడం కాదు, తీసేయాలి. ఒట్టి చేతులతో నిలబడ్డ మనుషుల ముక్కలు ఎనిమిది తీసేస్తే మిగిలేవి పన్నెండు. అప్పుడు చేతికి రెండుకు పైనే గట్టివి వస్తాయి. ఆటలో అలా తీసేయడానికి ఒక గుర్తు ఉంటుంది. నొక్కితే ముక్క బూడిద రంగుకు మారి పక్కకు జరిగిపోతుంది.

ఆమె పక్కకు జరిగిన ముక్కను వేలితో చూపింది.

"తీసేసినోళ్లు ఏడికి పోతరు?"

"ఏడికి పోరు. ఆటల ఉండరు, అంతే."

"బయట అవి తిరుగుతుంటయంటివి గద?"

"గది ఆట పెద్దమ్మా," అని నవ్వాను. ఆమె కూడా నవ్వి, కొంగు దులుపుకుని సాళ్లలోకి పోయింది.

ఆటలో ముప్పయ్యో రోజు దాటిన వారంలోనే, కంపెనీ తరఫున విత్తనాల పంట చూసే ఆర్గనైజర్ చేన్లోకి వచ్చాడు. నాలుగు మొగ్గలు విప్పి చూసి, ఒకదాంట్లో పుప్పొడి తొడుగు ముక్క మిగిలిపోయిందని చూపించాడు.

"గిట్లయితే ఫెయిలయితది. జర చూస్కోవాలె."

ఏటా అందరూ ఒకే రంగు దారం కట్టేవాళ్లు. నేను గద్వాల పోయి ఆరు రంగుల దారాలు తెచ్చి మనిషికొకటి ఇచ్చాను. ఎవరి మొగ్గ ఏదో తెలియాలి కదా. రోజూ పొద్దున ఎనిమిదింటికి చేనుకు పోయి, ఒక్కో రంగువి నలభై మొగ్గలు, వేర్వేరు సాళ్లలోవి, చూసేవాణ్ణి. తెల్లగా విచ్చుకున్న పూల లెక్క మాత్రం క్రాసింగ్ మొదలైనప్పటి నుంచీ రాస్తూనే ఉన్నాను. దారాలు ఐదు రోజులు చూశాను. ఐదు రంగుల్లో నలభైకి ఒకటి, రెండు తప్పులు. నీలి దారంలో ఏడు, ఆరు, తొమ్మిది, ఏడు, ఎనిమిది. నీలి దారం పెద్దమ్మది.

ఆరో రోజు కూడా చూశాను. తొందరపడి ఒక మనిషిని తప్పు పట్టానని ఎవరూ అనకూడదనుకున్నాను. ఎనిమిది.

నా భార్యకు చెప్పాను.

"కన్ను గట్ల ఉన్నదని తెలిసే గద పెట్టుకున్నం," అంది.

"తెలుసు. అప్పుడు లెక్క లేకుండె."

"తీసేస్తవా?"

"ఆరుగురు చేసినా ఐదుగురు చేసినా తప్పు తగ్గితేనే మంచిది."

ఆమె నా వైపు చూసి ఏదో అనబోయి, పొయ్యి దగ్గరికి పోయింది. ఏమిటని నేను అడగలేదు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు అడగడానికి ఏముంటుందనుకున్నాను.

పెద్దమ్మకు నేనే చెప్పాను, అన్నాలు తిన్నాక, అందరూ లేచిపోయాక. నోటు పుస్తకం కూడా తీసుకుపోయాను. ఆమెకు చదువు రాదని గుర్తు లేక కాదు. చేతిలో అది ఉంటే ధైర్యంగా అనిపించింది.

"నీల దారంల తప్పులు ఎక్కువున్నయి పెద్దమ్మా."

"ఎన్ని?"

"నలభైకి ఏడెనిమిది."

"గన్నా?" అంది. "ఉంటయి కొడుకా. నువ్వు తప్పు రాయవు."

"ఆపరేషన్ చేయించుకో. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడా," అంది. తగాదా పడుతుందనుకున్నాను. పడలేదు. బొడ్లో దోపుకున్న దారం ఉండ తీసి నా పక్కన అరుగు మీద పెట్టింది. "నేను ఉన్నంత సేపు మంచిగనే చూస్కున్నరు," అంది, సంబంధం లేనట్టుగా. సద్ది గిన్నె గుడ్డలో కట్టుకుని గట్టెక్కి పోయింది. ఆ పూట మిగతావాళ్లెవరూ నాతో జోకులు వేయలేదు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి పోతే చేను తెల్లగా ఉంది. ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఆడ సాళ్లలో ఒలవని మొగ్గలు విచ్చుకుని నిలబడ్డాయి. లెక్క పెట్టాను. ముప్పై ఎనిమిది. అంతకుముందు రోజు మూడు. ఒక్క మనిషి తగ్గితే ఇంత తేడా రాదు. ఐదుగురిలో ఎవరో పని ఎగ్గొట్టారనుకుని సాయంత్రం సాళ్ల వెంట నడిచాను. అందరూ ఒళ్లొంచే చేస్తున్నారు. పొద్దు గూకేసరికి పని చాలించి దిగిపోయారు. దిగిపోయిన చోట ప్రతి సాలులోనూ అక్కడక్కడా మొగ్గలు మిగిలాయి. మరునాడు నలభై ఒకటి. మూడో రోజు నలభై.

"పనిల ఏం మారింది?" అని నా భార్యను అడిగాను.

"మారిందేంది? పెద్దమ్మ లేదు."

"ఆమె ఒక్కతి ఎన్ని మొగ్గలు ఒలుస్తదని?"

చేతిలో పని ఆపి నన్ను చూసింది.

"నిజంగ తెల్వదా నీకు? మేం దిగినంక మావి మిగిలినవన్ని ఆమెనే గద ఒలిచేది. పొద్దుగాల మాకంటె ముందొచ్చి, ఇంకా ఏమన్న మిగిలితే విచ్చుకోకముందే తెంపి పారేస్తుండె. నడుము నొప్పని నా సాలు సగం ఆమెనే చేసింది, నెల నుంచి."

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వు ఆడనే ఉంటివి. మోటర్ గది కాడ కూసుంటివి."

నిజమే. పొద్దు గూకేవేళ కరెంటు కోసం కూర్చున్నానని పేరు, చేతిలో ఫోన్ ఉండేది. నాలుగు సాళ్ల అవతల ఎవరో వంగి ఉన్నట్టు చూపు కొసకు తగిలేది. తల ఎత్తి చూసే పని పడలేదు. ఆ మసక వెలుగులో, ఆ కంటితో, వేరేవాళ్ల మొగ్గలు ఒలిచి తన నీలి దారం కట్టేది. తప్పులన్నీ ఆ మొగ్గల్లోనే వచ్చి ఉంటాయి.

నోటు పుస్తకం తీశాను. తెల్ల పూల గడిలో రోజుకు రెండు, మూడు, నాలుగు. ఆదివారాలు మాత్రం ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై ఐదు. రాసిన రోజే వాటిని చూశాను. శనివారం స్వామి వారమని, మల్దకల్ గుడికి పోయే తొందరలో ఆడవాళ్లు వదిలేస్తున్నారని పక్కనే కారణం కూడా రాసుకున్నాను. ఆదివారం పొద్దున చేన్లో ఎవరు లేరో చూసుకోలేదు. అంకె తప్పు రాయలేదు నేను, ఒక్కటి కూడా.

మరునాడు ఆమె ఊరికి పోయాను. ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటామె చెప్పింది, కొత్తకోటలో హైవే పక్క దాబాలో గిన్నెలు తోమడానికి కుదిరిందని, అక్కడే ఉంటోందని. ఆపరేషన్ సంగతి అడిగాను. "గదేమో తెల్వదు," అంది.

గద్వాల పోయి బస్సెక్కాను. కొత్తకోటలో దిగి రోడ్డు వెంట ఉన్న దాబాలు ఒక్కొక్కటే అడుగుతూ పోతే నాలుగో దాంట్లో దొరికింది. వెనక రేకుల కింద, పెద్ద తొట్టి ముందు పీట మీద కూర్చుని ఉంది. నేను మాట్లాడాకనే గుర్తుపట్టింది.

"నువ్వా కొడుకా! అన్నం తిన్నవా?"

"నీ కోసమే వచ్చిన పెద్దమ్మా. తప్పు నాది. నువ్వు చేసే పని నేను చూడలె. మల్ల రా."

"నా తప్పులు నువ్వు చూసినవి నిజమే గద?"

"నిజమే. గని అవి..."

"కన్ను కనిపిస్తలేదు. గది నిజం. ఆళ్లయి కూడ నేనే చెడగొట్టిన." పళ్లెం తోముతూనే మాట్లాడుతోంది. "ఈడ కండ్లతోటి పని లేదు. జిడ్డు ఉన్నదా పోయిందా చేతికి తెలుస్తది. ఎవ్వరు పరేషాన్ చేస్తలేరు."

"ఇంకా ఇరవై దినాలే. పొద్దుగాల పూలు తెంపితే చాలు. ఒలిచే పని పెట్టుకోకు."

"పదిమందిల ఉండి నేనొక్కదాన్నే పూలు తెంపాల్నా? ఆళ్ల ముందట?" అని తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. ఒక్కసారి తీసేసినంక ఆడ నిలబడుడు కష్టం."

ముందు నుంచి ఎవరో గట్టిగా గ్లాసుల కోసం కేకేశారు. ఆమె లేచి, చెయ్యి గోడకు ఆనించుకుని, ఆ ఆసరాతోనే లోపలికి పోయింది. నేను ముందు వైపు బల్ల దగ్గర కూర్చుని అన్నం చెప్పాను. తింటున్నంతసేపూ ఇంకేమైనా చెప్పొచ్చా అని ఆలోచించాను. చేను కోసం రమ్మనడం కాక, నా భార్య నడుము నొప్పి సంగతి చెబితే వస్తుందేమో అనిపించింది. చెయ్యి కడుక్కుని, ఎంగిలి పళ్లెం నేనే పట్టుకుని వెనక్కి పోయాను.

ఆమె తొట్టి ముందు కూర్చుని ఉంది. ఆమెకు మూరెడు దూరంలో నిలబడ్డాను. నా నీడ పడిందో, అడుగు చప్పుడు విందో, తల ఎత్తి తిన్నగా నా ముఖం వైపే చూసింది. రెండు కళ్లతోనూ.

"ఆడ వెట్టు డ్రైవరన్నా," అంది. "నేను తీసుకుంట."

పళ్లెం అక్కడ పెట్టాను. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి దాన్ని అందుకుంది. బొటనవేలు అంచు చుట్టూ తిప్పి, తొట్టిలో ముంచింది. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాను.