నేను యుద్ధనౌకనై రిటైరైన రోజు

చిన్నప్పుడు ఒక పూటంతా నేను బ్రిటిష్ యుద్ధనౌకగా బతికాను... నవ్వకండి, నిజం.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మూడో తరగతి. దేశానికి సేవ చేసిన ఒకరి వేషం వేసుకుని, వాళ్ళ జీవితకథ 'నేను' అంటూ చెప్పాలని మా టీచర్ ప్రాజెక్ట్ ఇచ్చారు. నేను చెయ్యెత్తేసరికి గొప్పవాళ్ళందరూ అయిపోయారు... ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, విశాఖ పోర్టులో రిటైరై ఆ నెలలోనే అమ్మమ్మతో మా ఇంటికి వచ్చారు. "మనుషులు అయిపోతే ఏటైందే? ఓడ లేదేటి?" అన్నారు. ఏ దేశానికి సేవ చెయ్యాలో టీచర్ చెప్పలేదు మరి!

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్రిటిష్ గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్, అంటే మిసైళ్ళు పేల్చే యుద్ధనౌక, రేవుకి వచ్చిందట. దాని మీద మనసు పారేసుకున్నారు. దాని గురించి పేపర్లో ఎక్కడ పడినా కత్తిరించి దాచుకునేవారు. అమ్మమ్మ దాన్ని 'నా సవతి' అనేది.

ట్రెడ్‌మిల్ వచ్చిన అట్టపెట్టె ఓడ అయింది. అప్పడాల కర్ర ఫిరంగి. ఫాయిల్ చుట్టిన నాలుగు మునక్కాయలు మిసైళ్ళు... ఆ వారం సాంబార్లో ముక్కల్లేవు.

కథ తాతయ్యే రాసిచ్చారు. షిప్‌యార్డులో పుట్టాను, సముద్రాలు కాపలా కాశాను, రెండుసార్లు డాక్‌లో పడుకోబెట్టి పాత యంత్రాలు తీసి కొత్తవి పెట్టారు... అంతా బాగుంది. చివర్లో మాత్రం, 'నన్ను రిటైర్ చేసి, ముక్కలు చేసి, తుక్కు కింద అమ్మేశారు' అని ఉంది.

కాగితం పట్టుకుని పరుగెత్తాను. "తాతయ్యా... నువ్వు కూడా రిటైర్ అయ్యావ్ కదా?"

"అయ్యాను. అయితే ఏటి?"

ఏమీ లేదన్నాను. ప్రాజెక్ట్ రోజు దాకా మూడు రోజులూ అన్నం సహించలేదు. నాన్న స్క్రూడ్రైవర్ తీస్తే చాలు, వెళ్ళి తాతయ్య పక్కన నిలబడేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. పెట్టె క్లాసు తలుపులో పట్టలేదు. పక్కకి తిరిగి దూరితే ఒక మిసైల్ ఊడి టీచర్ కాళ్ళ దగ్గర పడింది. ఇంగ్లిష్‌లో గడగడా చెప్పుకుపోయాను... చివరి వాక్యం దగ్గర ఆగి తలెత్తాను. వెనక వరసలో నాన్న పక్కన తాతయ్య, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మాట అందిద్దామని పెదాలు కదుపుతున్నారు.

"రిటైర్ అయ్యాక నేను మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చేశాను" అన్నాను. "నన్ను ఎవరూ ముక్కలు చెయ్యరు."

టీచర్ నవ్వాపుకుంటూ, ఇక్కడేం చేస్తున్నావని అడిగారు.

"పొద్దున్నే వాకింగ్. తర్వాత ఇంట్లో వేడి పెంచే థర్మోస్టాట్ గురించి అల్లుడితో గొడవ."

నాన్న తల దించుకున్నారు. అందరూ ఒకటే నవ్వు... తాతయ్య మాత్రం నవ్వలేదు. వచ్చి, నన్ను పెట్టెలోంచి ఎత్తుకుని, "నువ్వుండగా నన్నెవడు ముక్కలు చేస్తాడే అమ్మడూ" అన్నారు.

తాతయ్య ఇప్పుడు లేరు... ఆ గొంతు ఇంకా వినాలనిపిస్తుంది. కిందటి నెల నాన్న రిటైరై మా ఇంటికి వచ్చారు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మేం చూడనప్పుడు థర్మోస్టాట్ పెంచేస్తున్నారు. మా ఆయన గొణుగుతుంటే ఒకటే చెప్పాను, ఆ ఓడ జోలికి వెళ్ళొద్దని.

మీ ఇంట్లోనూ ఇలా లంగరేసిన ఓడ ఉంటే, దాని కథ కింద రాయండి... ఉన్నప్పుడే.