మా అక్క పెంచిన నల్లపిల్ల

పోయిన వారం నారపల్లి దగ్గర ఫంక్షన్ హాల్లో మా అక్క మనవరాలి పెళ్లి. గేటు దగ్గర నిలబెట్టిన సిమెంటు గుర్రాలను చూపించి, చుట్టాలమ్మాయి ఒకతి, ఏడెనిమిదేళ్లది, తెల్ల గుర్రానికి తెల్ల పిల్లే పుడుతుందా తాతా అని అడిగింది. ఊరికే కసిరేశాను. ఆ ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుందని పాపం దానికేం తెలుసు!

నేను పశువుల దవాఖానాలో అటెండరుగా చేసి రిటైరైనవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఉప్పల్లో ఉద్యోగం. మా బావ, అంటే అక్క భర్త, నాచారంలో తాను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొని పెళ్లి బరాత్‌లకు తిప్పేవాడు. ఆ ఒక్క గుర్రం మీదే ఇల్లు గడిచేది. దానికి వయసు మీద పడుతోంది, దాని పిల్లే చేతికి అందివస్తే ఇంకో ఏడెనిమిదేళ్లు ఫికర్ ఉండదని, ఎక్కడెక్కడో వెతికి ఒక తెల్ల మగగుర్రంతో దాటించాడు.

ఇక మొదలయ్యాయి బస్తీవాళ్ల ప్రశ్నలు. బర్రెలను ఎరిగినవాళ్లే గానీ గుర్రప్పిల్లను చూసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. ఎన్ని నెలలు మోస్తుందని అడిగేవాళ్లు, పదకొండు అంటే గుర్రమా ఏనుగా అని నవ్వేవాళ్లు, ఒకటే పుడుతుందా రెండా అని అడిగి, నేను చెప్పాక మళ్లీ పక్కింటి ముసలమ్మను అడిగి వచ్చేవాళ్లు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! చూడిగుర్రాన్ని చివరి నెలల్లో బరాత్‌కు పంపొద్దన్న నా మాట ఒక్కటే బావ విన్నాడు.

నెలలు నిండాక ఒకరోజు, బావ పొద్దున్నే చాయ్ తాగి వచ్చేలోపు ఈనేసింది. నేను వెళ్లేసరికి ఆ పిల్ల పుల్లల్లాంటి పొడుగు కాళ్ల మీద లేచి, పడి, మళ్లీ లేచి, చివరికి నిలబడి పొదుగు వెతుక్కుంటోంది. కోరుకున్నట్టే ఆడది. కానీ నిగనిగలాడే నలుపు! మగగుర్రం ఆసామి మోసం చేశాడని బావ తిట్టిన తిట్లు గల్లీ చివరిదాకా వినిపించాయి.

మా డాక్టరు సారును బతిమాలి తీసుకొచ్చాను. ఆయన పిల్ల కళ్ల చుట్టూ ఉన్న నాలుగు తెల్ల వెంట్రుకలు చూపించి, ఇలాంటివి నల్లగానే పుట్టి ఏటేటా తెల్లబడతాయని, ఆరేడేళ్లకు తల్లిలా అవుతుందని ఓపికగా చెప్పారు. బావ తలూపాడే తప్ప నమ్మలేదు. అక్కకు రంగుతో పనే లేదు. నల్లపిల్లా అని పిలిస్తే చాలు, అది వచ్చి ఆమె కొంగు నమిలేది. రెండో నెలలో షెడ్డు రేకు తగిలి ఎడమ చెవి చీలితే నేనే మూడు కుట్లు వేశాను, వంకరగా.

రెండేళ్లయినా పిల్ల తెల్లబడలేదు. డాక్టరు సారు బదిలీ అయిపోయారు. కొనేవాడు తాడు పట్టుకుని నిలబడ్డ రోజు అక్క నా వైపు చూసింది.

"నల్ల గుర్రమెక్కి ఏ పెండ్లికొడుకు వస్తడు బామ్మర్ది? తెల్లగైతదని నువ్వు రాసిస్తవా?" అన్నాడు బావ.

కళ్ల చుట్టూ తెలుపు పెరుగుతోందని చూస్తూనే ఉన్నాను. అయినా రాసివ్వడమనేసరికి వెనక్కి తగ్గాను. సర్కారు నౌకరీ చేసేవాణ్ణి, రేపు అది తెల్లబడకపోతే ఎవరు జవాబు చెప్పాలి? తాడు చేయి మారింది. పిల్ల మలుపు తిరిగేదాకా సకిలిస్తూనే ఉంది. నా పిరికితనాన్ని తలుచుకుంటే ఈరోజుకీ నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత ముసలి గుర్రం పోయింది, బావ ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. రాష్ట్రం వచ్చినప్పుడు ఉప్పల్లో సంబరాలు చూపిద్దామని అక్కను తీసుకెళ్లాను. డప్పుల ముందు పాల నురగలా తెల్లటి గుర్రం నడుస్తోంది. ఎడమ చెవి మీద నా వంకర కుట్ల మచ్చ. నాకంటే ముందు అక్కే చూసింది. జనాన్ని తోసుకుని వెళ్లి మెడ నిమిరింది. గుర్తుపట్టిందో లేదో, అది తల వంచి ఆమె కొంగు వాసన చూసింది.

"ఆ పొద్దు రాసిస్తే ఏం పోతుండెరా తమ్మీ?" అంది అక్క.

ఇప్పుడు ఆ షెడ్డు ఉన్న చోట నాలుగంతస్తుల మేడ లేచింది. మొన్న పెళ్లికొడుకు కూడా పైకప్పు లేని కార్లో వచ్చాడు. గుర్రాల గురించి నన్ను అడిగేవాడే లేడు. ఒకప్పుడు విసుక్కున్న ప్రశ్నల కోసం ఇప్పుడు నేనే ఎదురుచూస్తున్నాను, అడిగిన ఒక్క పసిదాన్నీ కసిరేశాను.

ఆ రోజు భోజనాలయ్యాక ఆ పసిదాన్ని వెతికి పట్టుకుని, శుభలేఖ వెనక, నల్లగా పుట్టి తెల్లబడుతుంది అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అది ఆ కాగితం తీసుకెళ్లి మా అక్క చేతిలో పెట్టింది. అక్క అద్దాలు పెట్టుకుని చదివి, నావైపు చూడకుండానే మడిచి, కొంగున ముడేసుకుంది.