వెనక సీటుకు కొత్త షాక్‌లు: ట్రాయ్ నుంచి అల్పీనాకు

ఎనభై నాలుగు వేసవిలో మేం హ్యూరాన్ సరస్సు వెంట అల్పీనా దాకా వెళ్ళడానికి కారణం సరస్సు కాదు, మా ఆవిడ సుగుణ నడుము. అంతకు రెండేళ్ళ ముందు ఒక పాత జపాన్ టూరింగ్ బైక్ కొన్నాను. సెలవు దొరికితే ఇద్దరం బయటపడేవాళ్ళం. దిగగానే "ఎలా ఉంది?" అని అడిగితే "ఫర్వాలేదండీ" అనేది. ఆ పూటే నడుముకు బామ్ రాసుకుంటున్నా నేను ఆ మాటే నమ్మేవాణ్ణి. ఆ మే నెలలో మాత్రం కూర తరుగుతూ మామూలుగా చెప్పింది: "ఇంకొక్కసారి వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక మీరొక్కరే వెళ్ళండి." ఒక్కణ్ణే తిరగడానికి నేను ఆ బైక్ కొనలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నా ఉద్యోగమే కార్ల సస్పెన్షన్ టెస్టింగ్. ఇద్దరి బరువూ మోయాలంటే స్ప్రింగ్ గట్టిగా ఉండాలని వెనక షాక్ అబ్జార్బర్లను చివరి గాటు దాకా బిగించింది నేనే. ఆఫీసులో ఒకాయన బే సిటీలో మంచి మెకానిక్ ఉన్నాడని చెప్పాడు. అక్కడ బాగుచేయించుకుని, అటునుంచి అల్పీనా దాకా వెళ్ళి చూద్దామనుకున్నాం. శనివారం ఉదయం ఏడింటికి ట్రాయ్‌లో మా ఇంటి దగ్గర బయలుదేరి, ఐ-75 హైవే మీద ఉత్తరంగా దాదాపు వంద మైళ్ళు నడిపి, తొమ్మిది లోపే బే సిటీ చేరాం.

మెకానిక్ పేరు వాల్ట్, అరవై దాటిన మనిషి. నేను బరువుల లెక్కలు రాసిన కాగితం అందిస్తే చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. సామాను దించవద్దన్నాడు. ఇద్దర్నీ ఎక్కించి, వెనక భాగం ఎంత దిగుతోందో టేపుతో కొలిచాడు. తర్వాత సుగుణ వైపు తిరిగి, "మేడమ్, మీకు ఎక్కడ తగులుతోంది?" అన్నాడు.

"ఆవిడకి కొంచెం నడుము..." అని నేను అందుకున్నాను.

"మిమ్మల్ని అడగలేదు" అన్నాడు, కోపమేమీ లేకుండా.

సుగుణ ఒక్క క్షణం నా వంక చూసి మొదలుపెట్టింది. "పెద్ద గుంటలతో ఇబ్బంది లేదు. కాంక్రీట్ రోడ్డు మీద ప్రతి అతుక్కీ వెన్ను చివర ఒక పోటు. గంట దాటితే ఎడమ కాలు తిమ్మిరి. మొన్నటి ప్రయాణంలో మన్రో దగ్గర ఏడుపొచ్చింది." మన్రో దగ్గర నేను పాట పాడుకుంటూ నడిపాను. ఆ మాట వింటుంటే సిగ్గేసింది.

"మీరు రెండు చక్రాల మధ్య కూర్చుంటారు, ఆవిడ వెనక చక్రం మీదే కూర్చుంటారు" అన్నాడు వాల్ట్ నాతో. "ఆ దెబ్బలన్నీ ఆవిడకే. షాక్‌లలో ఆయిల్ కారిపోయింది, మీరేమో స్ప్రింగ్‌ని రాయిలా బిగించారు." మా ఇద్దరి బరువుకూ సామానుకూ సరిపోయే కొత్త షాక్‌లు వేసి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల్లో స్ప్రింగులూ ఆయిలూ మార్చాడు. మూడు గంటల పని, కూలితో కలిపి రెండువందల పది డాలర్లు అయింది.

మధ్యాహ్నం స్టాండిష్ దగ్గర సరస్సు వెంట వెళ్ళే యూఎస్-23 రోడ్డు ఎక్కాం. రెండింటికి టావస్‌లో ఆగి, సరస్సు ఒడ్డున బెంచీ మీద పులిహోర తింటూ, ఎక్కడ తగిలిందని అడిగాను. తొందరపడకుండా ఆలోచించి చెప్పింది: "ఓమర్ బ్రిడ్జి మీద ఒక్కసారి ఎగిరింది. మిగతాదంతా మెత్తగానే ఉంది కానీ మలుపుల్లో ఊగుతోందండీ. ఒక్క గాటు బిగించండి." బిగించాను. సాయంత్రం ఐదున్నరకు అల్పీనాలో మోటెల్ ముందు ఆగితే, నా చెయ్యి పట్టుకోకుండా తనే దిగింది.

"నొప్పి ఉంది, కానీ సగమే" అంది హెల్మెట్ తీస్తూ. "రేపు ఇంకా ఉత్తరంగా, మేకినా దాకా పోదాం."

ఇద్దరం ఒకే బైక్ మీద ఉన్నాం కాబట్టి ఇద్దరిదీ ఒకే ప్రయాణం అనుకుంటూ రెండేళ్ళు గడిపాను. రోజూ కొలతలు తీసే ఉద్యోగం చేస్తూ కూడా వెనకున్న మనిషిని సరిగ్గా ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ దారి ఇప్పటికీ బాగుంటుంది, ఇద్దరూ వెళ్ళండి. షాక్‌లు మార్చే ముందు సామానంతా కట్టి, వెనక కూర్చునే మనిషిని ఎక్కించి, ఎక్కడ తగులుతోందో అడగండి. జవాబు చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకండి.