తలుపుకు వదిలిన గుడ్డ

ఇళ్లు కట్టినవాళ్లు లోకంలో కోట్లమంది. కూల్చినవాళ్లు అంతకన్నా ఎక్కువ. కాని ఇంటిని కుట్లు విప్పి వదులు చేసినవాడు మాత్రం భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయన మా తాతయ్య. ఇందులో అబద్ధముంటే నా నాలుక మీద సూది దిగాలి.

తాతయ్య దర్జీ. ఊళ్లో ఆయన్ని 'రేపు మాస్టారు' అనేవాళ్లు. గుడ్డ ఇచ్చినవాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా కళ్లద్దాల పైనుంచి చూసి, "అయిపోయిందమ్మా, గుండీలే తరువాయి, రేపు రండి" అనేవాడు. పెళ్లికని ఇచ్చిన రవిక బిడ్డ పుట్టాక చేతికొచ్చిందని గిట్టనివాళ్లు అంటారు. అందుకేగా లోపల గుడ్డ వదిలానని ఆయన అంటాడు. అదీ నిజమే. ఏది కుట్టినా పక్కల్లో గుడ్డ మిగిల్చి మడిచి కుట్టడం ఆయన పద్ధతి. మనిషి ఒళ్లు చేస్తే లోకుట్టు ఒకటి విప్పుకుంటే సరి. "రేపు మనిషి ఎలా ఉంటాడో ఎవడికి తెలుసు? గుడ్డ వదలాలి" అన్న మాట ఆయన నోట్లో సూదితో సమానంగా ఎప్పుడూ ఉండేది.

సూదిలోకి దారం ఎక్కడం మానేశాక కొట్టు మూసేశాడు. కొట్టు వెనక ఒంటి గదిలోనే జీవితమంతా గడిచింది కాబట్టి ముసలితనంలోనైనా సొంత గడప తొక్కాలని ఆశ పుట్టింది. ఊరి చివర పాత పెంకుటిల్లు ఒకటి అమ్మకానికి ఉంటే, అమ్మమ్మకు చూపించకుండానే కొనేశాడు. అదీ చీకటి పడ్డాక చూసి.

అమ్మమ్మ పగలు చూసింది. పెంకులు సగం జారి, చూరు ఓ పక్కకు ఒరిగి, ముందు తలుపు చెదలు తిని జల్లెడలా ఉంది. ఆమె వాకిట్లోనే నిలబడి, "ఇది ఇల్లా? గాలికి తిరగబడ్డ గొడుగులా ఉంది" అంది.

"కాస్త రిపేరు చేస్తే..."

"చేసుకోండి. నా బీరువా లోపలికొచ్చి, ముందు తలుపు పడిన రోజు నేనొస్తా. అప్పటిదాకా మా చెల్లెలింట్లో ఉంటా."

ఇక్కడ బీరువా సంగతి చెప్పాలి. అమ్మమ్మకు తాతయ్య తర్వాత అంతటిది ఆ ఇనప బీరువా. పొద్దున లేచి ఇద్దరిలో ఎవరి మొహం ముందు తుడుస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అలా అమ్మమ్మ, బీరువా చెల్లెలింటికి వెళ్లిపోయారు. తాతయ్య ఆ పెంకుటింట్లో మడత మంచం వేసుకుని పని మొదలుపెట్టించాడు. పెళ్లయ్యాక ఆయన ఒంటరిగా ఉండటం అదే మొదలు. టీ పెట్టుకుంటే అది కషాయమయ్యేది. కళ్లద్దాలు నుదుటి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడు. ఇదివరకైతే "నెత్తినున్నాయి చూడండి మహానుభావా" అని ఓ గొంతు వినబడేది. ఫోన్ చేస్తే ఆ గొంతు హాయిగా ఉండేది.

"ఎప్పుడొస్తావే?"

"తలుపు పడిందా?"

"పడుతుంది."

"పడ్డాక చెప్పండి. ఇక్కడ మా చెల్లి నాకు కిటికీ ఉన్న గది ఇచ్చింది. గాలి ఎంత బాగుందో!"

ఆ గాలి మాట వినగానే తాతయ్యకు భయం పట్టుకుంది. గాలికి అలవాటు పడిన మనిషి తిరిగి రాదేమో!

పెంకులు సర్దడం అయింది. గచ్చు అయింది. చెదల తలుపును ద్వారబంధంతో సహా పెరికేశారు. గోడలో ఖాళీ మాత్రం మిగిలింది. తాతయ్య మెడలోని టేపు తీసి దానికి కొలతలు తీసి, వడ్రంగికి చెప్పాడు.

"కొలతలు సరిగ్గానేగా మాస్టారూ?"

"ఊరందరికీ కొలతలు తీసిన చెయ్యిరా ఇది."

"అదే భయం" అన్నాడు వడ్రంగి. అతని భార్య రవిక తాతయ్య దగ్గర రెండు చలికాలాలు చూసింది. ఆ పగ చల్లారలేదు. తలుపు గురించి ఎప్పుడు అడిగినా, "అయిపోయింది మాస్టారూ, బందులే తరువాయి. రేపు" అనేవాడు. ఎవరి మందు వాళ్లకే పోస్తే ఎలా ఉంటుందో తాతయ్యకు అప్పుడు తెలిసింది. తాపీ మేస్త్రి అంతకన్నా ఘనుడు. వెనక వాకిలికి అడ్డంగా ఇసక కుప్ప పోయించి, రేపు తీయిస్తానని వెళ్లి మళ్లీ మొహం చూపలేదు.

ఎట్టకేలకు తలుపు వచ్చింది. ద్వారబంధంతో సహా ఎత్తి నిలబెట్టబోతే లోపలికి పట్టలేదు. వడ్రంగి ఓసారి ఖాళీని, ఓసారి తలుపును, ఓసారి తాతయ్యను చూశాడు.

"మాస్టారూ, తలుపు పెద్దదైంది."

"అవదూ మరి? పక్కల్లో గుడ్డ వదిలాను."

"తలుపుకు గుడ్డేంటండీ?"

అప్పటికిగాని తాతయ్యకు తాను ఏం చేశాడో తెలిసిరాలేదు. అలవాటైన చెయ్యి, తనకు చెప్పకుండానే కొలతకు రెండు పక్కలా కాస్త ఎక్కువ కలిపేసింది. కాని ఒప్పుకుంటే మాస్టారెలా అవుతాడు?

"రేపొద్దున ఇల్లు ఒళ్లు చేస్తే?" అన్నాడు.

వడ్రంగి అక్కడే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "చిత్రిక తెచ్చి పక్కలు చెక్కేస్తాలెండి" అని లేచాడు. ఎప్పుడని అడగక్కర్లేదు. రేపే.

ఆ సాయంత్రం అమ్మమ్మే ఫోన్ చేసింది. తలుపు సంగతి అడిగింది. తాతయ్య గొంతు సవరించుకుని, "వచ్చింది" అన్నాడు. వచ్చిన మాట నిజమేగా!

మర్నాడు పొద్దున్నే వాకిట్లో వ్యాను ఆగింది. వ్యానులో బీరువా, బీరువా పక్కన కుర్చీలో అమ్మమ్మ. గోడకు ఆనించి ఉన్న తలుపును ఆమె చూసేలోపే తాతయ్య, "ముందు బీరువా, ముందు బీరువా!" అని హడావిడి చేశాడు. వ్యాను మనుషులు బయటి నుంచి తోస్తుంటే, తాను లోపలికి దూరి లాగాడు. బీరువా సగం వచ్చి, సీసాలో బిరడాలా బిగుసుకుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఊరందరికీ కొలతలు తీసినవాడు సొంతింటి బీరువాకు కొలత తీయలేదు.

వెనక వాకిట్లో ఇసక, కిటికీలకు ఊచలు. ముందు వాకిట్లో బీరువా. తాతయ్య సొంతింట్లో ఖైదీ అయ్యాడు.

"ఏమండీ, ఉన్నారా?" అమ్మమ్మ గొంతు బీరువా అవతల నుంచి వచ్చింది.

"ఎక్కడికి పోతానే, అడ్డంగా నీ బీరువా ఉంటే!"

"తలుపు పడిందన్నారు?"

"పడిందన్లేదు, వచ్చిందన్నాను."

"మరి గోడకు ఆనించినదేంటి?"

"అదే తలుపు. కొంచెం... వదులైంది."

అవతల చెప్పుల చప్పుడు తలుపు దాకా వెళ్లి వచ్చింది.

"తలుపుక్కూడా గుడ్డ వదిలారా?"

ఇంతలో బీరువా సన్నగా వణకడం మొదలైంది. అమ్మమ్మ ఏడుస్తోందేమోనని తాతయ్య కంగారుపడి ఇనప రేకుకు చెవి ఆనించాడు. నవ్వుతోంది! బీరువాకు ఒళ్లంతా ఆనుకుని మరీ నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆయనకూ నవ్వొచ్చింది గాని, తప్పు చేసినవాడు ముందు నవ్వకూడదని బిగబట్టాడు.

నవ్వు ఆగాక ఆమె అంది: "సరే, నేను వెళ్తున్నా. వ్యాను ఇక్కడే ఉంది. బీరువాను మీరే చూసుకోండి."

"ఆగవే! ఆగు!"

సరిగ్గా అప్పుడే వడ్రంగి చిత్రిక చంకన పెట్టుకుని వచ్చాడు. జన్మలో మొదటిసారి అతని 'రేపు' నిజమైంది. "తలుపు చెక్కెయ్యనా మాస్టారూ?" అని అరిచాడు.

తాతయ్య లోపల రెండు క్షణాలు ఆలోచించాడు. తలుపు చెక్కితే తలుపు పడుతుంది, కాని బీరువా రాదు. బీరువా రాకపోతే ఆవిడ రాదు.

"చిత్రిక అవతల పారెయ్! గోడ విప్పు!"

"గోడ నా పని కాదండీ. మేస్త్రి రావాలి. ఆయన రేపంటాడు."

"ఎలా అంటాడో నేనూ చూస్తా" అంది అమ్మమ్మ. చెప్పులేసుకుని వెళ్లింది. తింటున్న కంచం ముందు నుంచి మేస్త్రిని లేపుకొచ్చింది. ఆయన చెయ్యి కడుక్కున్నాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

తాతయ్య లోపల నుంచి జేబులోని సుద్దముక్క తీసి, ఖాళీకి రెండు పక్కలా తలుపు కొలతకే నిలువు గీతలు గీశాడు. గీత దాటితే ఊరుకోనన్నాడు. "లాగకు! కుట్టు విప్పినట్టు మెల్లిగా, ఒక్కొక్క ఇటుకా!" అని బీరువా వెనక నుంచి పెట్టిన కేకలకు వీధి వీధంతా గుమిగూడింది. ఇటుకలు ఊడాయి. బీరువా గౌరవంగా లోపలికి వచ్చింది. దాని వెనక తాతయ్య, నెత్తినిండా సున్నంతో, పిండిలో పొర్లిన పిల్లిలా కనిపించాడు.

తర్వాత వడ్రంగి ద్వారబంధం ఎత్తి ఆ ఖాళీలో నిలబెట్టాడు. కొలిచి కుట్టిన చొక్కాలా కూర్చుంది. పైన మాత్రం ఒక ఇటుక ఎక్కువ ఊడి పిచ్చుక దూరేంత సందు మిగిలింది. అందులో తాతయ్య పాత లాగు ఒకటి మడిచి కుక్కాడు. ఇప్పటికీ ఉంది.

"చెప్పానా, ఇల్లు ఒళ్లు చేస్తుందని?" అన్నాడు కాలరు సర్దుకుంటూ.

వడ్రంగి చిత్రిక మళ్లీ చంకన పెట్టుకున్నాడు.

అమ్మమ్మ లోపలికి నడిచింది. తలుపు వేసింది. గడియ పెట్టింది. తీసి, మళ్లీ వేసింది. తాతయ్య చేతులు నలుపుకుంటూ వెనకే నిలబడ్డాడు.

"మరి... ఉంటావా?"

ఆమె కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూసింది.

"రేపు చెబుతా" అని బీరువా తాళాల గుత్తి గోడ మేకుకు తగిలించింది.

ఇదంతా రాసి తాతయ్యకు చదివి వినిపించాను. తల ఊపుతూ విన్నాడు. అయ్యాక, "ఏంటే ఇది! ఆవిడ అంత నవ్విందా? నేను అంత అరిచానా?" అన్నాడు.

"పక్కల్లో కాస్త గుడ్డ వదిలాను తాతయ్యా."

"గుడ్డకు వదలాలి గాని నోటికి వదలకూడదే కోతీ. పో, పోతూ ఆ తలుపు వేసి పో. గట్టిగా లాగకు, సరిగ్గా పడుతుంది."